సజ్జ మీది సామాను ఆన్‌లైన్‌లో అమ్మడం: నల్లగొండ, పాలమూరు వైపు వాళ్ళకు పూర్తి మార్గదర్శి

నేను చేజేతులా పాడు చేసిన వెండి రూపాయి ఒకటి ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. నిజాం కాలం నాటిది, మీద చార్మినార్ బొమ్మ. మా మేనత్త ఇచ్చింది. నల్లగా ఉందని ముందు చింతపండు పెట్టి, తర్వాత ఇత్తడి గిన్నెలు తోమే పొడి వేసి, తళతళలాడేదాకా రుద్దాను. హైదరాబాద్‌లో నాణేలు సేకరించే ఒక పెద్దాయనకు ఫోటో పంపితే "ఎవరు తోమిన్రు దీన్ని?" అని ఒక్క మాట అడిగి, వెండి బరువుకైతే తీసుకుంటానన్నాడు. ఆ నలుపుతోనే పంపి ఉంటే బరువు మీద ఇంకొంత వచ్చేది. ఆ పొరను సేకర్తలు ఇష్టపడతారని నాకు అప్పటికి తెలియదు.

ఈ వ్యాపారంలో నేను పోగొట్టుకున్న డబ్బంతా ఇట్లా తెలియకపోవడం వల్లే పోయింది. అందుకే ఇందులో గుర్తుపట్టడం గురించే ఎక్కువ రాశాను. ఆన్‌లైన్‌లో ఖాతా తెరవడం, ఫోటో ఎక్కించడం మీ ఇంట్లో పదో తరగతి పిల్లవాడు పది నిమిషాల్లో చూపిస్తాడు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఐదు రూపాయల వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తారని, ట్రాక్టర్ బొమ్మ నోటుకు కారు వస్తుందని, 786 నంబరు నోటుంటే దశ తిరుగుతుందని వీడియోలు చూసి ఇటు వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ వీడియోల కింద నంబరుకు ఫోన్ చేస్తే ముందు "రిజిస్ట్రేషన్ ఫీజు" అడుగుతారు, తర్వాత "పన్ను" అడుగుతారు. తన పేరు వాడుకుని ఇట్లా వసూలు చేస్తున్నారని, తాము పాత నోట్ల, నాణేల కొనుగోలులో లేమని, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోమని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. బియ్యాన్ని లాక్కుంటుందనే రైస్ పుల్లింగ్ చెంబు, ఇరిడియం నాణెం అంటూ వచ్చేవాళ్ళదీ అదే బాపతు. మన జిల్లాల్లో ఆ పిచ్చిలో పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు.

మొదట ఒక్క రకం పట్టుకోండి

అన్నీ కొనాలనిపిస్తుంది. ఆగండి. పుస్తకాలో, గడియారాలో, చీరలో, ఇత్తడి సామానో, ఏదో ఒక్కటి ఎంచుకుని మూడు నెలలు దాని మీదే ఉండండి. మీ ఇంట్లో, మీ చుట్టుపక్కల దేని గురించి తెలిసినవాళ్ళున్నారో చూసుకోండి. పుట్టపాకలోనో చౌటుప్పల్ దిక్కో చుట్టాలుంటే చేనేత మీకు సగం తెలిసినట్టే. ఊళ్ళో పాత వాచ్ మెకానిక్ ఉంటే గడియారాలు తేలిక.

పెట్టుబడి ఐదు వేలు చాలు. దాంతో పాటు గ్రాములో పదో వంతు దాకా చూపే చిన్న తూకం, ఒక అయస్కాంతం, ఒక భూతద్దం, ఒక కొలబద్ద కొనుక్కోండి. ఈ నాలుగూ జేబులో లేకుండా నేను ఇప్పుడు ఏ దుకాణానికీ పోను.

గుర్తుపట్టడం: నాణేలు

ఈ ప్రాంతమంతా 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి మన ఇళ్ళలో దొరికే పాత నాణేల్లో సగం హాలీ సిక్కా, అంటే నిజాం సొంత నాణేలే. చార్మినార్ ఉన్న ప్రతి నాణెం ఒకటే అనుకోవద్దు. భూతద్దం పెట్టి మధ్య కమాను లోపల చూడండి. చిన్న ఉర్దూ అక్షరం ఒకటి ఉంటుంది. అది 'మీమ్' అయితే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆయన వల్లే. 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. చదవడం పెద్ద కష్టం కాదు. ఒకటి నిలువు గీత. రెండుకు తల మీద ఒక వంపు, మూడుకు రెండు వంపులు. ఐదు గుండ్రంగా, సున్నా చుక్కలా ఉంటాయి. ఏడు పైకి తెరుచుకున్న చీలిక, ఎనిమిది దాన్నే బోర్లించినట్టు. వచ్చిన సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1337 అని ఉంటే 1919 దగ్గర. 1350 అయితే 1931. ఈ లెక్క చట్టానికి కూడా పనికొస్తుంది, కింద చెప్తాను.

నిజాం వెండి రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే అసలు వెండి సుమారు 9.1 గ్రాములు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అంటే దాదాపు 10.7 గ్రాములు. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే ఆ నాణేనికి అడుగు ధర తేలుతుంది. అంతకంటే తక్కువకు ఎవరూ అమ్మరు, మీరూ అమ్మొద్దు. 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలో వెండి సగానికి తగ్గింది. నిజాం రూపాయిలో కూడా చివరి ఏళ్ళలో తగ్గింది. కాబట్టి సంవత్సరం చూడకుండా వెండి లెక్క కట్టొద్దు.

పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని వెండి అని అమ్మజూపేవాళ్ళు ప్రతి అంగడిలో ఉంటారు. అది నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. 1939 నాటి ఆరో జార్జి రూపాయి మాత్రం నిజంగానే అరుదు. అరుదు కాబట్టే దానికి నకిలీలు లెక్కలేనన్ని, మీకు దొరికేది దాదాపు కచ్చితంగా నకిలీయే. ఇక రామ దర్బారు, హనుమంతుడు బొమ్మలతో "ఈస్ట్ ఇండియా కంపెనీ" అని, 1818 అనో 1839 అనో రాసి ఉన్న రాగి బిళ్ళలు. కంపెనీ అట్లాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. పూజలో పెట్టుకోవడానికి పనికొస్తాయి, అంతే.

మధ్యలో బొక్క ఉన్న పైసా అందరి ఇళ్ళలో ఉంటుంది. 1943 నుంచి 1947 దాకా వేశారు, లెక్కలేనన్ని వేశారు. ఒక్కొక్కటి అమ్మితే పోస్టు ఖర్చు కూడా రాదు. ఐదు సంవత్సరాలవీ ఒక్కొక్కటి కూర్చి సెట్టుగా పెడితే కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు కొంటారు.

గడియారాలు

నాకు బాగా తెలిసిన రకం ఇదే. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సాయంతో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ విభాగం మూతపడింది. మూతపడ్డాకే గిరాకీ పెరిగింది. జనతా, పైలట్, కోహినూర్, కట్నంగా పెట్టిన కాంచన్: వీటికి దేశమంతా కొనేవాళ్ళున్నారు. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సైకో సాంకేతికతతో గడియారాలు చేసింది. ఆల్విన్‌ను చాలామంది పట్టించుకోరు, అందుకే స్క్రాప్ దుకాణాల్లో ఇంకా చవగ్గా దొరుకుతుంది.

వీటిలో పెద్ద చిక్కు అతుకుల గడియారాలు. నాలుగు పాడైన వాచీల్లోంచి భాగాలు తీసి, డయల్‌కు కొత్త రంగు వేసి, ఒకటిగా చేసి అమ్ముతారు. నేను మొదట కొన్న పైలట్ అట్లాంటిదే. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 1,800 పెట్టి కొన్నాను. డయల్ ముదురు నీలం, మెరిసిపోతోంది. మా వాచ్ మెకానిక్ కంటికి అద్దం పెట్టుకుని ఒక్క క్షణం చూసి నవ్వాడు. "సార్, అక్షరాల అంచులు చూడండి. కంపెనీ అచ్చు బ్లేడుతో కోసినట్టు ఉంటది. ఇది చెమ్మకు పాకినట్టు ఉన్నది."

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. అక్షరాల అంచులు భూతద్దంలో చూస్తాను. వినాయకుడు, ఓం, జెండా బొమ్మలున్న డయళ్ళు వదిలేస్తాను. డయల్ కొత్తగా ఉండి కేసు గీతలు పడి ఉంటే అనుమానిస్తాను. ఒకే మనిషి నలభై ఏళ్ళు పెట్టుకున్న వాచీలో రెండూ ఒకే తీరుగా ముసలివవుతాయి. వెనక మూత తీయించి మిషన్ మీద హెచ్‌ఎంటీ గుర్తు, జ్యూయల్స్ (లోపల అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు) సంఖ్య చూస్తాను. కీ ఇచ్చి ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో రాసుకుంటాను. కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే.

చీరలు, ఇత్తడి, పుస్తకాలు

గద్వాల చీరను తిరగేసి చూడండి. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట దారాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, దాన్నే కుప్పడం అంటారు. మిషన్‌తో కుట్టిన అంచు అయితే కుట్టు కనబడుతుంది. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో రంగు నూలుకే అద్దుతారు కాబట్టి రెండు వైపులా ఒకే చిక్కన, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకిలీకి వెనక్కి తిప్పితే రంగు వెలిసిపోయి కనిపిస్తుంది. అసలు తేలియా రుమాలుకు నూనె వాసన ఉంటుంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టడం వల్ల వచ్చేది అది. ఉతికితే పూర్తిగా పోదు, పోగొట్టే ప్రయత్నమూ చేయొద్దు.

పాత జరీ విషయం జాగ్రత్త. "పాత పట్టుచీరలు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగేవాళ్ళు జరీలో వెండి కోసమే కొంటారు. ఒక పోగు తీసి గోటితో గీకండి. లోపల పట్టు దారం, దాని మీద తెల్లటి వెండి కనిపిస్తే అసలు జరీ. ప్లాస్టిక్ జరీ అయితే మంట దగ్గర పెట్టగానే ముడుచుకుంటుంది. అసలు జరీ ఉండి, చీర చిరగకుండా ఉంటే కరిగించేవాడికి ఇవ్వొద్దు. కట్టుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువిస్తారు. ఒళ్ళు చిరిగినా అంచు బాగుంటే బ్లౌజులకు, లంగాలకు అంచు ఒక్కటే కొనేవాళ్ళున్నారు.

దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ పాత ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (ఓణీ) కొంటామని బయటివాళ్ళు వస్తుంటారు. అద్దాలు కుట్టిన ఆ బట్టలకు పట్నంలో, విదేశాల్లో మంచి ధర ఉంది. తండాలో ముసలమ్మకు మాత్రం ప్లాస్టిక్ బకెట్ ఇచ్చి పోతారు. నేను కొంటే ఎంతకు అమ్మాలనుకుంటున్నానో ముందే చెప్పి, అందులో సగం ఇస్తాను. రెండోసారి పోయినప్పుడు వాళ్ళే పిలుస్తారు.

ఇత్తడి, కంచు సామాన్ల గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. అయస్కాంతం అతుక్కుంటే లోపల ఇనుము. కంచు చెంబును గోటితో కొడితే మోత సాగుతుంది, ఇత్తడి మోత వెంటనే ఆగుతుంది. పెద్ద బిందెలు, గుండిగలు కొనొద్దు, పంపే ఖర్చు తినేస్తుంది. మరచెంబులు, సోల, తవ్వ, మానిక కొలతలు, దీపపు సెమ్మెలు, పాన్‌దాన్‌లు, చిన్న తాళాలు బాగా పోతాయి. పాత గిన్నెల మీద "ఫలానా వారి చదివింపు" అని ఊరి పేరుతో సహా చెక్కి ఉంటుంది చూడండి, దాన్ని అరగదీయొద్దు. కొందరు ఆ అక్షరాల కోసమే కొంటారు. నాకు వింతగానే ఉంటుంది, ఎవరి పెళ్ళి గిన్నెనో బెంగళూరులో ఎవరింట్లోనో పూలు పెట్టుకుంటారు.

పుస్తకాల్లో చందమామ పాత సంచికలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. 1947 జూలైలో మొదలైంది కాబట్టి తొలి దశాబ్దం సంచికలు దొరికితే పండగే. అట్టతో సహా ఉన్న విడి సంచికకు ఒక ధర, అట్టలు తీసేసి బైండింగ్ చేసిన దానికి మరో ధర. ప్రతి పేజీ లెక్కపెట్టండి, పిల్లలు బొమ్మలు కత్తిరించి ఉంటారు. రోజూ తిరిగే సరుకు కావాలంటే తెలుగు అకాడమీ పాత పుస్తకాలు చూడండి. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు నల్లగొండ లైబ్రరీ మెట్ల మీదే కొంటారు, పోస్టు ఖర్చు కూడా ఉండదు.

వీటి జోలికి పోవద్దు

నూరేళ్ళు దాటిన నాణెం, శిల్పం, చిత్రం, పనితనం ఉన్న వస్తువు చట్టం దృష్టిలో పురావస్తువు. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వీటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అందుకే పైన హిజ్రీ లెక్క చెప్పాను. 1350 దాటిన నిజాం నాణేలతో పని చేసుకుంటే మీకు ఈ టెన్షన్ లేదు. అంతకు ముందువి ఇంట్లో ఉంటే ఉంచుకోండి.

భూమిలో దొరికింది అసలే ముట్టుకోవద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల కంటే విలువైనది భూమిలో దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అలాంటి నేల మనది. దుక్కి దున్నుతుంటే దొరికిందని ఎవరైనా సంచీ విప్పితే, ధర అడగకుండా లేచి వచ్చేయండి.

ఏనుగు దంతం, పులిగోరు, జింక కొమ్ములు ఎంత పాతవైనా వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. గుడి గంటలు, ఉత్సవ విగ్రహాలు ఎవరు తెచ్చినా దొంగ సొత్తు అనుకునే చూడండి. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. ఒక నోటు పుస్తకంలో అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, తేదీ, వస్తువు, ఇచ్చిన డబ్బు రాసి సంతకం తీసుకోండి. నిజాయతీగా అమ్మేవాళ్ళు దీనికి ఎప్పుడూ నొచ్చుకోలేదు.

ఎక్కడ వెతకాలి

దసరా, సంక్రాంతి ముందు ఇళ్ళు దులిపే రెండు వారాలు అన్నిటికంటే మంచి కాలం. ఆ తర్వాత, పెంకుటిల్లు కూల్చి స్లాబ్ వేసేవాళ్ళ ఇళ్ళు. ఊళ్ళో ఏ ఇల్లు కూలుస్తున్నారో తాపీ మేస్త్రీకి అందరికంటే ముందు తెలుస్తుంది. నేను ఇద్దరు మేస్త్రీలతో చాయ్ స్నేహం పెట్టుకున్నాను.

స్క్రాప్ దుకాణాలకు పొద్దున పోవద్దు. తోపుడు బండ్ల వాళ్ళు ఊళ్ళు తిరిగి తెచ్చిన సామాను సాయంత్రం ఐదు, ఆరు మధ్య తూకం వేస్తారు. అది కుప్పలో కలిసేలోపు చూడాలి. ఒక్కటే పట్టుకుని "భాయ్, ఇది ఎంత?" అంటే ధర పెరుగుతుంది. నాలుగు ఏరి, కిలో ధర మీద కొంత ఎక్కువిస్తానని చెప్పండి. "ఇట్లాంటివి వస్తే పక్కన పెట్టు" అని నంబరు ఇచ్చి రండి. మిర్యాలగూడలో ఒక దుకాణం భాయ్ ఇప్పుడు నాకు వాట్సాప్‌లో ఫోటోలే పంపుతాడు.

హైదరాబాద్ పోతే జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత, అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు ఒకసారి చూసి రండి. కొనడానికి కాకుండా ధరలు నేర్చుకోవడానికి. అక్కడివాళ్ళకు అన్నీ తెలుసు, లాభం మిగలదు.

ఇళ్ళలో అడిగేటప్పుడు తొందరపడొద్దు. "అవ్వా, ఈ మరచెంబు అమ్ముతవా?" అంటే "ఎంతిస్తవ్ బిడ్డా?" అంటుంది. అక్కడ ధర చెప్పే ముందు కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్నారా కనుక్కోండి. వాళ్ళు లేనప్పుడు కొన్నది రెండు రోజులకు తిరిగి అడుగుతారు, ఊళ్ళో మాట వస్తుంది.

ఎంతకు కొనాలి

ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన ధరను ధర అనుకోవద్దు. జనతా వాచీని పాతిక వేలకు పెట్టేవాళ్ళున్నారు, అవి ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటాయి. అమ్ముడుపోయిన ధర కావాలి. ఈబేలో అమ్ముడైన వస్తువులే చూపే ఫిల్టర్ ఉంది. ఫేస్‌బుక్ సేకర్తల గ్రూపుల్లో "సోల్డ్" అని రాసిన పాత పోస్టులు చూడండి. కనీసం ఐదు చూసి, మధ్యలో ఉన్నది తీసుకోండి.

ఒక లెక్క చూపిస్తాను. హెచ్‌ఎంటీ వాచీ ఒకటి 700కు కొన్నాను. సర్వీసింగ్ 450. కొత్త పట్టీ 150. డబ్బా, స్పీడ్ పోస్టు కలిపి 110. మొత్తం 1,410. అమ్మింది 2,200కు. మిగిలింది 790. ఇందుకు మూడు సాయంత్రాలు పట్టింది. బస్సు ఛార్జీ లెక్కలో వేయలేదు, వేయాలి. అమ్మగలనని నమ్మకమున్న ధరలో మూడో వంతు దాటి కొనను. ఆ వాచీని 1,200కు కొని ఉంటే మూడు సాయంత్రాలకు 290 వచ్చేది.

ఫోటోలు, రాత

శుభ్రం చేయడం రెండు ముక్కల్లో. నాణెం ముట్టుకోవద్దు. పుస్తకానికి పొడి గుడ్డ, ఒక రోజు నీడలో గాలి. చీరకు నీడలో ఆరవేయడం. వాచీ మెకానిక్‌కు. ఇత్తడి మీద మట్టి వరకు సబ్బు నీళ్ళతో కడిగి, పాత రంగు ఉంచండి. మెరుపు కావాలంటే కొన్నవాళ్ళే తోముకుంటారు.

ఫోటో పొద్దున ఎనిమిది, పది మధ్య, కిటికీ పక్కన, తెల్ల చార్టు మీద. ఫ్లాష్ వద్దు. ముందు, వెనక, పక్క, అడుగు, కొలబద్ద పెట్టి ఒకటి, లోపం దగ్గర్నుంచి ఒకటి. సొట్ట ఉంటే సొట్టకే ఫోటో తీయండి. మొదట్లో నేను సొట్ట కనబడకుండా తిప్పి తీసేవాణ్ణి. వచ్చిన ప్రతి వాపసుకూ పోస్టు ఖర్చు నా జేబులోంచే పోయింది.

రాత ఇట్లా ఉంటే చాలు: "పాత ఇత్తడి మరచెంబు. ఎత్తు 19 సెంటీమీటర్లు, బరువు 840 గ్రాములు. మూత మర సరిగా పడుతుంది. అడుగున చిన్న సొట్ట ఉంది, నాలుగో ఫోటో చూడండి. నీళ్ళు పోసి చూశాను, కారదు. నల్లగొండ జిల్లాలో ఒక ఇంటి నుంచి కొన్నాను. తోమలేదు." అరుదైనది, అద్భుతం లాంటి మాటలు రాస్తే తెలిసినవాళ్ళు దాటిపోతారు. శీర్షికలో మాత్రం తెలుగు పేరుతో పాటు ఇంగ్లీషు, హిందీ పేర్లు కూడా పెట్టండి, వెతికేవాళ్ళు ఏ భాషలో వెతుకుతారో తెలియదు.

ఎక్కడ పెట్టాలి

బరువైనవి, పగిలేవి ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టి దగ్గరివాళ్ళకే అమ్మండి. వాచీలు, నాణేలు సేకర్తల గ్రూపుల్లో పోతాయి. అక్కడ మొదటి నెల ఏమీ అమ్మకుండా చదవండి, ప్రశ్నలు అడగండి. పేరు తెలిశాక పెట్టిన గంటలో పోతుంది. చీరలకు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ స్టేటస్. ఈబే భారత సైటు 2018లోనే మూతపడింది. విదేశాలకు అమ్మాలంటే ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ళ కోడ్) నంబరు, కస్టమ్స్ కాగితాలు ఉంటాయి. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో సాయం చేస్తారు. మొదటి ఏడాది అటు చూడకపోవడమే మేలు.

డబ్బు, మోసాలు

పెట్టిన అరగంటలో బేరం లేకుండా "ఫైనల్, తీసుకుంటా" అని మెసేజ్ వస్తే జాగ్రత్త. ఆర్మీలో ఉన్నానని, ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతాడు. క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. ఎక్కువ వేశాను, మిగతాది తిరిగి పంపమని అడిగేవాళ్ళు కూడా అంతే. మెసేజ్ చూసి నమ్మొద్దు, బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూడండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత ఆశ.

ముందు డబ్బు, తర్వాత పార్శిల్. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టుకోవద్దు. కొనేవాళ్ళకు నమ్మకం కావాలంటే వస్తువుతో పాటు ఆ రోజు తేదీ రాసిన చీటీ పెట్టి వీడియో పంపండి.

కట్టడం, పంపడం

కొరియర్ వాళ్ళు బరువుతో పాటు సైజునూ లెక్కపెడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. మూడు కొలతలూ 30 సెంటీమీటర్లున్న డబ్బా అయితే 5.4 కిలోలు. లోపల అరకిలో వస్తువున్నా ఆ 5.4కే బిల్లు. అందుకే వస్తువుకు సరిపడే డబ్బా వెతకండి. చెప్పుల దుకాణం డబ్బాలు, మందుల షాపు డబ్బాలు ఊరికే ఇస్తారు.

చుట్టిన వస్తువు డబ్బాలో ఊపితే చప్పుడు రాకూడదు. పుస్తకాల మూలలకు అట్ట ముక్కలు మడిచి పెట్టి, పాలిథిన్‌లో చుట్టాకే డబ్బాలో పెట్టండి. వానాకాలంలో ఒకసారి చందమామల కట్ట తడిసి ముద్దయి తిరిగొచ్చింది, అది నా తప్పే. విలువైన నాణేలు పోస్టులో పంపాల్సి వస్తే కౌంటర్‌లో చెప్పి ఇన్సూరెన్స్ చేయించండి. హైదరాబాద్, వరంగల్ వాళ్ళకు బరువైన ఇత్తడి అయితే ఆర్టీసీ కార్గో చవక, వాళ్ళే బస్టాండ్‌లో తీసుకుంటారు. డబ్బా మూసేదంతా ఒకే వీడియోగా తీసి నెల రోజులు ఉంచుకోండి.

పన్ను లెక్క

మీ ఇంట్లో వాడిన పాత సామాను అమ్ముకోవడం వ్యాపారం కిందికి రాదు. కొని అమ్మడం వ్యాపారమే. తెలంగాణలో సరుకుల మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. చాలా రాష్ట్రాల్లోలాగా 40 లక్షలు అనుకోవద్దు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ అడిగే నిబంధన ఉంది, దీని మీద మాత్రం మొదట్లోనే ఒక ఆడిటర్‌ను కలవండి. రాష్ట్రం లోపల ఈ-కామర్స్ సైట్ల ద్వారా అమ్మే చిన్నవాళ్ళకు 2023 అక్టోబర్ నుంచి ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సరిపెట్టారు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి పుస్తకాలే అమ్మేవాళ్ళకు ఈ గొడవ లేదు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక పాత వస్తువులకు మార్జిన్ పద్ధతి ఉంటుంది: కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను. ఆ తేడా చూపడానికి పైన చెప్పిన నోటు పుస్తకమే ఆధారం.

అమ్ముడుపోనివి

కొన్నవాటిలో కొన్ని కదలవు. ఆరు నెలలు దాటినవన్నీ దీపావళి ముందు బయటికి తీసి, కొన్న ధర పక్కన పెట్టి చూస్తాను. మొదట ధర తగ్గిస్తాను. తర్వాత మూడు నాలుగు కలిపి లాటుగా పెడతాను, వాచీలైతే "భాగాల కోసం" అని రాసి మెకానిక్‌ల గ్రూపులో. ఇత్తడి అప్పటికీ పోకపోతే తెచ్చిన స్క్రాప్ దుకాణానికే కిలో లెక్కన తిరిగి ఇస్తాను. మిర్యాలగూడ భాయ్ తూకంలో పెడుతూ "మళ్ళీ వచ్చినవా?" అని నవ్వుతాడు. ఎవర్ని అంటున్నాడో ఇప్పటికీ అర్థం కాలేదు, నన్నా, చెంబునా.